హనుమకొండలో బండ్లు లేని ఆదివారం

వరంగల్ వెళ్లొచ్చానని చెబితే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు. కోట చూశావా, వేయి స్తంభాల గుడి చూశావా అని. రెండూ చూడలేదు. మూడు రోజులుండి నేను చూసొచ్చింది ఒక రోడ్డు. అది కూడా పెద్ద పొడవేం కాదు, పెట్రోలు బంకు దగ్గర మొదలై నీళ్ల ట్యాంకు దగ్గర అయిపోతుంది. "రోడ్డు చూడ్డానికి అంత దూరం పోయావా వదినా, మన రాజమండ్రిలో లేవా రోడ్లు?" అని మా ఆడపడుచు పడీపడీ నవ్వింది. నవ్వనీ. తెలియని వాళ్లకి తెలియాలనే ఇది రాస్తున్నాను.

నన్ను పిలిచింది స్వరూప. ఇద్దరం రాజమండ్రిలో ఒకే బ్యాంకులో పక్కపక్క కౌంటర్లలో పనిచేశాం. తనది హనుమకొండ. బదిలీ మీద మా ఊరొచ్చి, కొన్నేళ్లుండి, మళ్లీ సొంత ఊరికి వెళ్లిపోయింది. వాళ్లమ్మాయి మానస అప్పుడు ఎల్కేజీ. సాయంత్రం బడి వదలగానే బ్యాంకుకొచ్చి నా కుర్చీలోనే కూర్చునేది, నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఇప్పటికీ అదే పిలుపు.

కిందటేడాది మానస కాలేజీ నుంచి వస్తూ, ఫోన్ మోగితే స్కూటీ పక్కకి ఆపి నిలబడిందట. వెనక నుంచి ఏదో కారు వచ్చి గుద్దింది. పిల్ల రోడ్డు మధ్యలో లేదు, మలుపు తిరగడం లేదు, ఊరికే పక్కన నిలబడి ఉంది. అదే దానికి మింగుడుపడలేదు. విరిగిన కాలు బాగైంది. కానీ ఆ తర్వాత గేటు దాటి బయటికి రాలేదు. కాలేజీ పోయింది, స్నేహితులు రావడం మానేశారు. బండ్లు లేని చోట మెల్లగా నడిపించి చూడండి అన్నాడట డాక్టరు. బండ్లు లేని చోటు ఎక్కడుంది నాయనా ఈ దేశంలో?

అందుకే స్వరూప ఒక పని పెట్టుకుంది. మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఒక ఆదివారం పొద్దున వాళ్లింటి ముందు రోడ్డు మీద బండ్లు ఆపడానికి పర్మిషన్ తెచ్చుకుంది. ఊరందరికీ చెప్పింది మాత్రం కాలుష్యం, ఆరోగ్యం, సైకిలు, నడక. అసలు సంగతి మానస. ఆఫీసరు ఒక షరతు పెట్టాడు: జనం వస్తే ప్రతి ఆదివారం ఇస్తాం, రాకపోతే ఇంతటితో సరి. మానస కూడా షరతు పెట్టింది: ఒక్క బండి కూడా ఉండొద్దు, పదిమంది నడుస్తుంటే ఆ పదిమందిలో తనూ వస్తుంది, ఒక్కతే నడవదు. "ఒక్క బండి గూడ రాదు బిడ్డా, నా మీద ఒట్టు" అని తల్లి మాటిచ్చింది. ఫోన్లో ఇదంతా చెప్పి, "నువ్వుంటే నాకు ధైర్యమక్కా, రా" అంది. నా మోకాళ్లు వద్దన్నా వెళ్లాను.

కాజీపేటలో దిగిపోయి

నేను దిగాల్సింది వరంగల్లో. కునుకు పట్టేసి కళ్లు తెరిచేసరికి కాజీపేట. "వరంగల్ పోయిందా బాబూ?" అంటే పక్క సీటాయన "ఎప్పుడో పోయింది పెద్దమ్మా, లేపుదమనుకున్న గని మంచిగ నిద్రపోతాన్నవ్" అన్నాడు. ఎంత మంచివాడో! తిట్టడానికి కూడా నోరు రాలేదు.

స్టేషను బయట ఆటో ఆయన చెప్పిన రేటు విని నాకు కళ్లు తిరిగాయి. మా రాజమండ్రిలో అయితే "ఏంటండీ బాబూ ఆ రేటు" అని మనం, "మీరే చెప్పండమ్మా" అని వాళ్లు, పావుగంట సాగుతుంది. ఇక్కడ నేను నోరు తెరిచేలోపే "షేర్ ఆటోల కూసోరాదమ్మా, ఇరవై రూపాయలియ్యి" అని తేల్చేశాడు. కూర్చున్నాను. ఇద్దరు పట్టే చోట ముగ్గురం, ఒళ్లో సంచి, సంచి మీద ఎవరిదో కోడి.

పక్కనున్నావిడది రఘునాథపల్లి. చేతిలో ఎక్స్‌రే కవరు. భర్త మోటారు సైకిలు మీద నుంచి పడి దవాఖానలో ఉన్నాడట. నువ్వెందుకొచ్చావని ఆవిడ అడిగితే బండ్లు లేని ఆదివారం గురించి చెప్పాను. ఆవిడ ఎక్స్‌రే కవరు ఒళ్లో సర్దుకుని, "బండ్లు లేకుంటె మంచిదేనక్కా. గని మరి దవాఖానకు ఎట్ల పోవాలె?" అంది. అంబులెన్సులని పంపిస్తారులే అన్నాను, అది కూడా ఊహించి చెప్పిందే.

స్వరూప ఇల్లు

మేడ మీద ఇల్లు, కింద గేటు, గేటు దాటితే ఆ రోడ్డు. ఒకప్పుడు ఇక్కడ సాయంత్రం మంచాలేసుకుని కూర్చునేవాళ్లట. ఇప్పుడు గేటు తీసి అడుగు బయట పెట్టాలంటే ఈ చెవి దగ్గరొక హారను, ఆ చెవి దగ్గరొక హారను. నేను సంచి పట్టుకుని అవతలి పక్క దిగి, దాటలేక ఎంతసేపు నిలబడ్డానో. చివరికి స్వరూప వచ్చి చెయ్యి పట్టుకుని దాటించింది.

మానసని చూసి ముందు గుర్తుపట్టలేదు. తెల్లగా, సన్నగా అయిపోయింది. మనుషుల్ని చూస్తే నవ్వుతుంది, కానీ కింద రోడ్డు మీద బ్రేకు చప్పుడైనప్పుడల్లా ఆ నవ్వు ఆగి, చప్పుడు అయ్యాక మళ్లీ మొదలవుతుంది. "పెద్దమ్మా, లావైనవ్" అంది. "నువ్వు చిక్కిన కండంతా నాకొచ్చిందే" అన్నాను. వాళ్ల నాన్నకి భూపాలపల్లి వైపు గనుల్లో ఉద్యోగం, ఆ వారం సెలవు దొరకలేదట.

రాత్రికి సర్వపిండి చేసింది స్వరూప. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, వెల్లుల్లి, కారం వేసి కలిపి, గిన్నె అడుగున వత్తి కాలుస్తారు. మా దిబ్బరొట్టెకి కోపిష్టి చుట్టం అనుకోండి. పక్కన పచ్చిపులుసు. చారు కాచడం మరిచిపోయిందేమో అనుకున్నాను, వీళ్లు దాన్ని కాచరట! రెండో ముద్దకి కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. మానస అది చూసి నిజంగా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో గిన్నెడు తినేదాన్ని.

హసన్‌పర్తి, కొత్తవాడ

శనివారమంతా జనాన్ని పిలవడానికి తిరిగాం. కార్లు వద్దని చెప్పేవాళ్లం కారులో ఎలా వెళ్తాం? సిటీ బస్సెక్కి ముందు హసన్‌పర్తి వెళ్లాం. అక్కడ కాలేజీలున్నాయి, కుర్రాళ్లు దండిగా వస్తారని స్వరూప ఆశ.

చెరువు వైపు రోడ్డులో ఒక చాయ్ కొట్టు. బెంచీ మీద కుర్రాళ్లు. స్వరూప ఓపిగ్గా అంతా చెప్పింది. వాళ్లు కూడా బుద్ధిగా విన్నారు. విన్నాక ఒకడు, "సర్టిఫికెట్ ఇస్తరా మేడం?" అన్నాడు. ఇంకొకడు టీషర్టు ఇస్తారా అని. మూడోవాడు కాస్త పెద్దమనిషి తరహా, "గెస్ట్ ఎవలు మేడం?" అని అడిగాడు.

"గెస్ట్ ఎవ్వరు లేరు తమ్మీ. మనమే నడుస్తం, సైకిల్ తొక్కుతం, పిల్లలు ఆడుకుంటరు."

"ఓహో," అన్నాడు వాడు. చాయ్ మాత్రం మా ఇద్దరికీ వాడే తాగించాడు. మా వైపు గ్లాసుడు కాఫీ ఇస్తారు, ఇక్కడ చాయ్ రెండు గుక్కల కప్పులో పోస్తారు, అడుగున పంచదార మాత్రం ఒక పూటకి సరిపడా ఉంటుంది.

అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కి వరంగల్ వైపు కొత్తవాడ. జంపఖానాలు నేసే పేట అది. ఇంటింటా మగ్గం చప్పుడు, గుమ్మాల ముందు రంగు నూలు ఆరేసి ఉంది. ఓదేలు అనే ఆయన స్వరూప బ్యాంకు ఖాతాదారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నవాడు మమ్మల్ని చూసి లేవబోయాడు. వద్దని కూర్చోబెట్టి సంగతి చెప్పాం.

ఆయన తల గోక్కున్నాడు. "మేం రోజు సైకిలే మేడం. మళ్ల ఆదివారం నాడు గూడ సైకిలే తొక్కెటందుకు హనుమకొండ దాకా రావాల్నా?"

"అందరం కలిసి తొక్కుదమని అన్నా. మీ అసుంటోళ్లు వస్తె మంచిగుంటది."

"పెద్దసారు ఎవలొస్తాండ్రు?"

"ఎవ్వరు రారన్నా. మనమే."

"మనమే అయితె మనింట్లనే ఉండొచ్చు గద మేడం," అన్నాడు ఓదేలు. వెటకారం లేదు, పాపం, నిజంగానే అర్థంకాక అడిగాడు. వాళ్లావిడ లోపలి నుంచి "పోయిరారాదు, మేడం గంతగనం చెప్పుతాంది" అని కేకేసింది. చూస్తానన్నాడు. చూస్తానంటే ఎవరి ఊళ్లోనైనా అర్థం ఒకటే.

తిరుగు బస్సులో స్వరూప వచ్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టింది, ఒక చెయ్యి కూడా నిండలేదు. నాకు కోపంగా ఉంది, కానీ ఎవరి మీదో తెలియడం లేదు. పొద్దున్నించి వెళ్లిన ప్రతిచోటా ఎవరొస్తున్నారనే ఆ ఒక్క ప్రశ్న మాత్రం తప్పలేదు.

సాంబయ్య సారు అరుగు

కాలనీ సంఘం కార్యదర్శి సాంబయ్య సారు, బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. శనివారం సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చున్నాం. రోడ్డుకి అడ్డంగా కట్టిన ఫ్లెక్సీ అక్కడి నుంచి కనిపిస్తోంది. మీద సైకిలు బొమ్మ, చెట్టు బొమ్మ, అంతే.

"గదే మేడం మన తప్పు," అన్నాడాయన. "ఫ్లెక్సీ మీద మనిషి ఫోటో లేదు. ఫోటో లేని ఫ్లెక్సీ ఎవడు సదువుతడు చెప్పుండ్రి? మన నాయకునికి ఒక్క ఫోన్ కొడత. వస్తడు. ఆయనొస్తె ఆయన ఎన్క పబ్లిక్ వస్తది."

"ఆయనొస్తె ఆయన ఎన్క పది కార్లు గూడ వస్తయ్ సార్. నా బిడ్డకు నేను మాటిచ్చిన."

"నాకెర్కనే గని..." అని ఆగిపోయాడు. ఆయనకి మానస సంగతి తెలుసు. చిన్నప్పుడు ఆయన దగ్గరే ఖోఖో ఆడిందట. "సరే మేడం. ఫికర్ జెయ్యకుండ్రి. ఇంటింటికి నేనే పోయి చెప్త." అని చెప్పులేసుకుని, నిజంగానే ఇంటింటికీ వెళ్లాడు.

పొద్దున్నే, ఖాళీ రోడ్డు

ఆదివారం ఆరింటికి లేచి చూస్తే, అబ్బ, ఎంత బావుందో! బంకు దగ్గరొక బారికేడ్, ట్యాంకు దగ్గరొక బారికేడ్. మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు శుభ్రంగా ఊడ్చి, రెండు పక్కలా తెల్లగా సున్నం గీతలు పోశారు. రెండు చివరలా కానిస్టేబుళ్లు. ఎక్కడో కోకిల కూడా అరిచింది. స్వరూప కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుని, బల్ల మీద మజ్జిగ, అరటిపళ్లు సర్దింది.

ఆరున్నర అయింది. సాంబయ్య సారు, నడకకి వచ్చే ఇద్దరు పెద్దమనుషులు, షటిలు బ్యాట్లతో ఒక జంట. ఏడైంది. మళ్లీ వాళ్లే. షటిలు జంట కూడా కాసేపాడి, ఎవరూ లేకపోయేసరికి సిగ్గేసిందేమో వెళ్లిపోయారు. మజ్జిగ మీద ఈగలు వాలుతున్నాయి, నేను తోలుతున్నాను.

తలెత్తి చూశాను కదా, నాకు మతి పోయింది. రెండు పక్కలా మిద్దెల మీద జనం! పిట్టగోడల మీద మోచేతులానించి ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. కింద దుకాణాల షట్టర్లు సగం దించి, ఆ సందులోంచి చూస్తున్నారు. కాలనీ మొత్తం అక్కడే ఉంది. రోడ్డు మీద తప్ప అన్ని చోట్లా ఉంది.

"దిగి రండమ్మా, కిందికి రండి!" అని అరిచాను. ఒకావిడ పై నుంచి, "ఎన్ని గంటలకొస్తడు సారు?" అని అడిగింది.

"ఏ సారు?"

"గదే, ఎవలో వస్తాండ్రు గద. రోడ్డు ఊడ్సిన్రు, సున్నం పోసిన్రు, పోలీసోల్లు నిలవడ్డరు."

అప్పుడర్థమైంది నాకు. ఇక్కడ రోడ్డు ఊడ్చి, సున్నం పోసి, బారికేడ్ పెట్టారంటే ఎవరో పెద్ద మనిషి వస్తున్నట్టే లెక్క. ఆ మనిషి వచ్చేదాకా రోడ్డెక్కకూడదు, ఎక్కితే పోలీసులు తరుముతారు. ఏళ్ల తరబడి అదే అలవాటు. మా ఊళ్లో మాత్రం తేడా ఏముంది, నేనైనా అలాగే అనుకునేదాన్ని. సాంబయ్య సారు ఇంటింటికీ వెళ్లి చెప్పిందానికన్నా ఆ సున్నం గీతలే గట్టిగా చెప్పాయి. ఎవరూ రారు, ఇది మనకోసమే అని మేం గొంతు చించుకున్నా నమ్మలేదు. నవ్వి, అక్కడే నిలబడ్డారు.

ఏడున్నరకి ఆఫీసరు వచ్చాడు. జీపు బయటే ఆపి నడిచి వచ్చాడు, ఆ మర్యాద మాత్రం చెప్పుకోవాలి. అటూ ఇటూ చూశాడు. "మేడం, పది మంది గూడ లేరు. పైన నాకు ఏం చెప్పమంటరు? తొమ్మిదింటి దాకా చూస్త, తర్వాత నేనేం చెయ్యలేను," అని ఒక పక్కన కుర్చీ వేయించుకున్నాడు.

స్వరూప నన్ను పక్కకి తీసుకెళ్లింది. "అక్కా, జనం లేకుంటె మానస దిగదు. ఇయ్యాల పోతె మళ్ల ఎప్పటికి పర్మిషన్ రాదు. ఏం జెయ్యాలె చెప్పు." అడుగుతూనే సాంబయ్య సారు దగ్గరికి వెళ్లి అనేసింది. "ఫోన్ చెయ్యుండ్రి సార్. పిలువుండ్రి నాయకుణ్ని. కానీ బంకు కాడ కారు దిగి నడిచి రావాలె. గదొక్కటి మాత్రం గట్టిగ చెప్పుండ్రి."

ఆయన ఫోన్ చేశాడు. స్పీకరులో మేం కూడా విన్నాం. "మంచి కార్యక్రమం సారూ, తప్పకుండ నడుస్త. నడుసుడు ఆరోగ్యానికి మంచిది," అంది అవతలి గొంతు. స్వరూప బంకు దాకా పరుగెత్తి కానిస్టేబుల్‌తో కూడా చెప్పింది, ఏ కారూ లోపలికి వదలొద్దని. సరే మేడం అన్నాడు. తను అక్కడే నిలబడింది, ఎదురెళ్లి నడిపించుకుని వద్దామని.

రోడ్డు మధ్యలో

మానసకి చాయ్ ఇద్దామని నేను పైకి వెళ్లాను. చున్నీ వేసుకుని, చెప్పులు కూడా వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

"అందరు మిద్దెల మీదున్నరు పెద్దమ్మా. మనల్నే చూస్తాండ్రు."

"నిన్నెవరు చూస్తున్నారే? ఎవడో పెద్దసారు వస్తాడని మెడలు సాచి బంకు వైపు చూస్తున్నారు. నువ్వు చీర కట్టుకుని కోలాటం ఆడినా ఇటు తిరగరు."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కాసేపు బయటికి చూసింది. "ఒక్క బండి గూడ లేదు," అంది మెల్లగా. "మంచిగుంది చప్పుడు లేకుంట."

"దిగుదామా?"

లేచి నా చెయ్యి పట్టుకుంది. మెట్లు దిగి, గేటు తీసుకుని, బయటికొచ్చాం. సున్నం గీత దగ్గర ఆగింది. ఆ గీత దాటింది. నా మోకాళ్ల నొప్పి మరిచిపోయాను, దేవుడా దేవుడా అనుకుంటూ పక్కన నడిచాను. రోడ్డు మధ్యకి వచ్చాక నా చెయ్యి తనే వదిలేసింది. ట్యాంకు వైపు తిరిగి, వీపు మీద ఎండ పడుతుంటే ఒక్కతే నడిచింది. నడుస్తూ వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, తారు మెత్తగుంది," అంది. అంత చిన్న మాటకి నేను ఏడ్చేశాను. స్వరూపని పిలవాలని బంకు వైపు తిరిగాను.

అప్పుడు వినబడింది సైరను.

జెండా కట్టిన తెల్ల కారు బంకు దగ్గరికి వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. స్వరూప చేతులు రెండూ చాపి అడ్డం నిలబడటం నాకు కనిపించింది. ఆ వెనకే కానిస్టేబుల్ బారికేడ్ పక్కకి లాగడం, సెల్యూట్ కొట్టడం కూడా కనిపించాయి. స్వరూపని ఎవరో భుజం పట్టి పక్కకి జరిపారు. కార్లన్నీ వరసగా లోపలికి వచ్చేశాయి, హారన్లు కొట్టుకుంటూ, మానస వెనక నుంచి.

ఏ కారూ దానికి తగల్లేదు. ఆ మాట ముందే చెప్పాలి. మొదటి కారు చాలా దూరంలోనే ఆగింది. కానీ పిల్ల ఆ హారను విని అక్కడికక్కడే కూలబడింది. రెండు చేతులతో చెవులు మూసుకుని, తల మోకాళ్లలో పెట్టుకుని. నేను పరుగెత్తలేక పరుగెత్తాను. నాకన్నా ముందు కారులోంచి దిగిన తెల్లచొక్కా అతను వచ్చి, "జరుగమ్మా, జర సైడుకు జరుగు, సారొస్తాండు," అన్నాడు. కొట్టాలనిపించింది వాణ్ని. నిజంగా చెయ్యెత్తాను కూడా, కానీ ఆ చెయ్యి పిల్లని లేపడానికి కావాల్సి వచ్చింది.

జనం

అప్పుడు దిగారు జనం! మిద్దెల మీద నుంచి, షట్టర్ల కింద నుంచి, సందుల్లోంచి. రోడ్డు నిండిపోయింది. దండలు ఎక్కడి నుంచి వచ్చాయో, డప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో. కార్ల బానెట్ల మీద పిల్లలెక్కారు. నాయకుడు మైకు తీసుకుని మోటారు వాహనాల వల్ల కలిగే నష్టాల గురించి మాట్లాడాడు. ఎవరో తెచ్చిన సైకిలెక్కి ఫోటో దిగాడు, సైకిలు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు. నాయకుడొస్తున్నాడన్న కబురు ఫోన్లలో పాకినట్టుంది, హసన్‌పర్తి కుర్రాళ్లు కూడా వచ్చారు. ఓదేలు కూడా వచ్చాడు, సైకిలు మీద. నన్ను చూసి సంతోషంగా చెయ్యూపాడు. ఆయనకేం తెలుసు.

మానసని నేనూ సాంబయ్య సారూ కలిసి పైకి తీసుకెళ్లాం. గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. స్వరూప జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి తలుపు మూసి ఉంది. "బిడ్డా, నేనున్న, తలుపు తియ్" అంటూ కొట్టింది. కింద నుంచి చప్పట్లు.

కాసేపటికి మానస గొంతు వినిపించింది, అరుపు కాదు, మామూలుగానే. "నువ్వే పిలిచినవా అమ్మా ఆయనను?"

స్వరూప నా వైపు చూసింది. అబద్ధం చెప్పమని చూసిందో, చెప్పొద్దని చూసిందో నాకిప్పటికీ తెలియదు. "నేనే పిలిచిన," అంది. ఆ తర్వాత ఎంత పిలిచినా లోపలి నుంచి ఇంకో మాట రాలేదు. స్వరూప తలుపుకి వీపానించి నేల మీద కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను.

తొమ్మిది దాటాక కిందికెళ్తే ఆఫీసరు మొహం వెలిగిపోతోంది. "చూసిన్రా అమ్మా, ఎంత పబ్లిక్! మేడంకు చెప్పుండ్రి, ప్రతి ఆదివారం ఇస్తం," అన్నాడు. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్‌ని నిలదీశాను, వదలొద్దని చెబితే ఎందుకు వదిలావని. వయసులో చిన్నవాడే, తల దించుకున్నాడు. "మేడం చెప్పింది యాదికుందమ్మా. గని జెండా కారు కనవడంగనే చెయ్యి బారికేడ్ మీదికి పోయింది. నాకే తెల్వలే," అన్నాడు.

తిరుగు దారి

సోమవారం బయల్దేరాను. స్వరూప దారికి మక్క గారెలు, అదే మన మొక్కజొన్న గారెలు, కట్టిచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నా అది మాత్రం మానలేదు. మానస తలుపు కొద్దిగా తీసి, "పోయిరా పెద్దమ్మా," అంది. నా తప్పు లేదనో, ఉందనో ఏమీ అనలేదు. ఈసారి రైల్లో నిద్రపోలేదు. ఎదుటి సీటులో ఎవరో పేపరు చదువుతుంటే మా రోడ్డు ఫోటో కనిపించింది, దండల మధ్య నాయకుడు, సైకిలు. నిండా జనం. ఆ పేపరు అడిగి తీసుకుని చూడాలనిపించలేదు.

రాజమండ్రి వచ్చి నెల దాటింది. ప్రతి ఆదివారం ఆ రోడ్డు మీద బండ్లు ఆపుతూనే ఉన్నారట. నాయకుడు మళ్లీ రాలేదు, అవసరమూ లేదు, అలవాటైంది. పిల్లలు స్కేటింగు చేస్తున్నారట, ముసలివాళ్లు కుర్చీలు తెచ్చుకుంటున్నారట. ఇప్పుడు నిజంగానే ఒక్క బండి కూడా రావడం లేదట.

నిన్న ఫోన్ చేసి, ఇప్పుడైనా మానస దిగిందా అని అడిగాను.

"లేదక్కా," అంది స్వరూప. "మిగతా దినాలల్ల జర నయమే. కిటికీ కాడ కూసుంటది. బండ్లున్ననాడు ఎటుదిక్కు నుంచి వస్తయో చూసుకోవచ్చు గదనే అంటది. ఆదివారం వచ్చిందంటే పొద్దుగాల్నే దుప్పటి కప్పుకొని పడుకుంటది. బండ్లు లేవన్నరోజే భయమట దానికి."

మరి ఆఫీసరుతో చెప్పి ఆపించలేకపోయావా అన్నాను.

"ఆఫీసరు కాడికి పోయిన అక్కా మొన్న. సార్, మా ఇంటి ముందట వద్దు, ఆపుండ్రి అని చెప్పిన. గింత పబ్లిక్ వస్తాంటె ఇగ ఎట్ల ఆపుతం మేడం, అన్నడు."